వేలిముద్రల వరసలు

ఉదయశ్రీకి మొండితనం కాస్త ఎక్కువే. లేకపోతే 1998లో, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తుంటే, తోటివాళ్లంతా కంప్యూటర్ కోర్సుల వెంట పరుగెడుతుంటే, ఏ పిల్లయినా గ్రంథాలయాల చరిత్ర మీద పరిశోధన చేస్తానంటుందా!

"అందులో ఇంకేం మిగిలింది తల్లీ?" అన్నారు గైడు గోవిందప్ప గారు. "ఎవరు స్థాపించారు, ఎప్పుడు తెరిచారు, ఎన్ని పుస్తకాలు. అన్నీ రాసేశారు. హాయిగా కంప్యూటరీకరణ తీసుకో."

"ఆ పుస్తకాలు ఎవరు చదివారో ఎవరూ రాయలేదు కదండీ. ఇకముందు రాయాల్సింది అదేనండి. నేను రాస్తాను."

"అయితే శనివారం వస్తాను, ఆధారం చూపించు. లేదంటే అంశం మార్చుకోవాల్సిందే."

ఆధారమంతా మాదాపూర్ పక్క ఊళ్లోని చిన్న గ్రంథాలయంలో ఉంది. పుస్తకం తీసుకెళ్లేవాళ్లు సంతకం పెట్టే రిజిస్టర్లు, ముప్పై ఏళ్లవి. రోడ్డు వెడల్పులో ఆ గది పోతోంది. వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశారు కాబట్టి, రిజిస్టర్లను సోమవారం పాతకాగితాల కింద అమ్మేస్తారట. ఉదయశ్రీ కూకట్‌పల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి రిజిస్టర్లనూ, కంప్యూటర్ జాబితానూ పక్కపక్కన పెట్టి చూసింది. కంప్యూటర్‌లో ఒక్క 1981వే అరవై వరసలు మాయం! ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ వరసల్లో సంతకాలకు బదులు వేలిముద్రలున్నాయి, పక్కన పేర్లు లేవు. పేరు లేదు గనుక ఎక్కించినవాళ్లు వదిలేశారు.

"పేర్లెందుకు రాయలేదండీ?" అని లైబ్రేరియన్ పెంటయ్యను నిలదీసింది.

"ఊరోళ్ల ఏలిముద్ర నాకు తెల్వదా అమ్మా? ఇగో, గీ పక్కకు కోసినట్టున్నది నీలమ్మది. రాళ్లు కొట్టంగ సుత్తె తాకింది. గిది చంద్రయ్యది. ఎప్పుడు జూసినా సిరా ఎక్కువ ముంచుతడు."

ఏం చెప్తాం! ఆ పెద్దమనిషి బుర్రలో తప్ప ఆ పేర్లు ఇంకెక్కడా లేవు. ఉదయశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన చెప్తుంటే నాలుగు రోజుల పాటు ఒక్కో ముద్ర పక్కన పేరు రాసుకుంది. నీలమ్మ తీసుకెళ్లిన ఒక నవల రెండో భాగం తిరిగి రాలేదని అప్పుడే కనిపించింది. ఎందుకో తెలుసుకోవాలని, శనివారం రమ్మని ఆమెకు కబురు పెట్టింది.

శనివారం గోవిందప్ప గారు ఆ గ్రంథాలయానికే వచ్చి రిజిస్టర్ తిరగేశారు. "చదువు రానివాళ్లకు పుస్తకాలెందుకమ్మా? పొయ్యి రాజెయ్యడానికా?" అని పకపకా నవ్వారు.

ఇంతలో నీలమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి, అట్ట నలిగిన పుస్తకం బల్ల మీద పెట్టింది.

"పుస్తకం ఇయ్యలేదని పిలిచిన్రు గదా బిడ్డా. రాళ్లకాడ పగటి బువ్వ తిన్నంక సీతాబాయి సదువుతుండె, పది మందిమి ఇంటుంటిమి. మొదటి భాగం అయిపాయె. ఇది సగమన్న కాకముందే సీతాబాయి జరమొచ్చి సచ్చిపాయె. ఇగ సదివెటోళ్లు లేరు. కథ ఒడువకుండ, ఆఖరు ఇనకుండ వాపసు ఎట్లియ్యాలె?"

గోవిందప్ప గారు నవ్వడం మానేశారు. పదిహేడేళ్ల కిందటి నీలమ్మ ముద్ర మీద చెయ్యి పెట్టారు. "ఈ రిజిస్టర్లు ఎక్కడికీ పోవు. మన డిపార్ట్‌మెంటుకు తెచ్చేయ్. పై వాళ్లతో నేను మాట్లాడతాను. అంశం మార్చొద్దు," అన్నారు.

ఉదయశ్రీ పుస్తకం తీసుకుని, మూల మడిచిన పేజీ తెరిచింది.

"ముందు కథ గుర్తుందా అమ్మా?"

"యాదికి లేకేంది!" నీలమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. "ఆ పిల్ల పొద్దుగాల్నే స్టేషన్‌కు వచ్చి నిలవడ్డది. రైలెక్కిందా లేదా, జర గది జెప్పు."