అరువు గజ్జెలు

చంద్రమ్మను ఊరు చంపింది. దవాఖాన కాగితంలో టీబీ అని రాసి ఉంది. మొగులయ్య ఆ కాగితాన్ని ఒక్కనాడూ నమ్మలేదు.

భార్య పోయి ఎనిమిదేళ్లు. ఆ తర్వాత అతను ఆ ఊరికి దగ్గర్లోని శంషాబాద్‌లో ఒక రేకుల గది కిరాయికి తీసుకుని, ఎయిర్‌పోర్టు వైపు కొత్తగా వెలసిన యూనివర్సిటీలో కాంట్రాక్టరు కింద తోటపనికి కుదిరాడు. రోజుకు నూట ఎనభై. దాంతోనే కూతురు శిరీషను ఇంటర్ దాకా తెచ్చాడు. అమ్మ ఎట్లా పోయిందని పిల్ల అడిగితే "జరమొచ్చి పోయింది" అనేవాడు. మళ్లీ అడిగితే లేచి బయటికి పోయేవాడు.

సమ్మెలతో వెనక్కి జరిగిన సెమిస్టరు ఆ ఏడు, 2012 మే నెలలో, మండే ఎండల్లో ముగిసింది. చివరి వారమంతా వర్క్‌షాపులు. ఒక గదిలో కుండల మీద బొమ్మలు వేయడం, ఒక గదిలో నాటకం, చెట్ల కింద జానపద నృత్యం. ఆఖరి రోజు సాయంత్రం ఆరుబయట స్టేజీ మీద డాన్సులు. మొగులయ్య పొద్దున్నుంచి కుర్చీలు మోస్తున్నాడు. ఎండకు ప్లాస్టిక్ కాలి అరచేతులు మండుతున్నాయి. విమానాలు నెత్తిమీదికి దిగి వచ్చినట్టే వచ్చి గోడ అవతలికి పోతున్నాయి.

"జల్ది కానియ్ మొగులన్నా. వీసీ సాబ్ ఆరు గంటలకు వస్తడు," అన్నాడు సూపర్‌వైజర్ తాహెర్. "నీ బిడ్డ ప్రోగ్రామ్ గూడ ఉందంట గద. మొదటి వరుసల ఒక కుర్చీ నీకు వేసుకో. ఎవరు వద్దంటరు?"

"వీసీ అంటడు."

"వీసీకి నువ్వెవరో ఏం ఎరుక? జర అంగీ మార్చుకో, నిన్ను కూడ ప్రొఫెసర్ అనుకుంటడు."

మొగులయ్య నవ్వలేదు గానీ, ఆ కుర్చీ మాట అతనికి నచ్చింది. వర్క్‌షాపు మొదలైన రోజు శిరీష సద్ది తెచ్చి ఇచ్చి, చెట్ల కింద స్టూడెంట్ల ఆట చూస్తూ తనకు తెలియకుండానే అడుగులు వేసింది. డాన్సు నేర్పే మాధవీలత మేడం అది చూసి, "మీ అమ్మాయిని మా దగ్గరకు పంపండి మొగులయ్య గారూ," అంది. తనను ఎవరైనా 'గారూ' అనడం అతను అదే మొదటిసారి వినడం. ఏం ఆట అని అడిగాడు. "మీ ఊళ్ల ఆటలేనండీ," అంది మేడం. అతను సరే అన్నాడు. ఆ వారం రోజులూ నీళ్లు పట్టే పైపు చేతిలో పట్టుకుని దూరం నుంచి చూశాడు. తిరిగేటప్పుడు పిల్ల మెడ వంచే తీరు అచ్చం తల్లిదే. అప్పుడు మాత్రం నేల చూసేవాడు.

నాలుగు గంటలప్పుడు స్టేజీ వెనక గదిలోంచి గజ్జెల చప్పుడు వినిపించింది.

గజ్జెలు ఎక్కడైనా మోగుతాయి. కానీ ఈ చప్పుడు మధ్యలో ఒకటి బొంగురుగా, పగిలిన గొంతులా పలికింది. రెండు అడుగులు పడ్డాక మళ్లీ పలికింది. మొగులయ్య చేతిలో కుర్చీల దొంతర జారి కింద పడింది.

"ఏమైందన్నా?" అని తాహెర్ కేకవేశాడు. మొగులయ్య అప్పటికే గది తలుపు తోసేశాడు.

లోపల సగం రంగులు పూసుకున్న ఆడపిల్లలు ఉలిక్కిపడి చూశారు. మధ్యలో శిరీష నిలబడి ఉంది. ఒంటినిండా పసుపు. నడుముకు వేపమండలు. పాదాల పైన నల్లబడిన తోలు పట్టీలకు కుట్టిన ఇత్తడి గజ్జెలు. పక్కన గోడకు ఆనుకుని ఊరి డప్పులోళ్లు నలుగురు కూర్చున్నారు. వాళ్లలో ముత్తయ్య మొగులయ్యను చూసి తల దించుకున్నాడు.

"బాపూ, సూడు! ఎట్లున్న?" అంది శిరీష, ఒక చుట్టు తిరిగి.

"తియ్యి."

"ఏంది?"

"కాళ్లవి తియ్యి బిడ్డా. తియ్యి ముందు."

మాధవీలత మేడం కంగారుగా వచ్చింది. "ఏమైందండీ? అవి మామూలు గజ్జెలు కావు, చాలా పాతవి. గోపయ్య గారు ఊళ్లో పోచమ్మ గుడి నుంచి అడిగి తెచ్చారు. ఇలాంటివి మాకు డబ్బులిచ్చినా దొరకవు."

"ఊరికెనే ఇచ్చిండా మేడం?"

"ఏమీ తీసుకోలేదండీ. ఒక్కటే చెప్పారు. కట్టుకున్న అమ్మాయే మంగళవారం నాడు డప్పుతో నడిచి వెళ్లి గుడిలో తిరిగి పెట్టాలట. ఎంత బాగుందో ఆ పద్ధతి! మా పిల్లలు వీడియో కూడా తీస్తారు."

మొగులయ్య ఆమె ముఖం చూశాడు. ఆ ముఖంలో కపటం లేదు. ఆమెకు నిజంగానే ఏమీ తెలియదు. అది చూసి అతనికి భయం వేసింది.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. గోపయ్య. తెల్లటి అంగీ, వేళ్లకు ఉంగరాలు. ఎయిర్‌పోర్టు వచ్చాక ఊళ్లో సగం భూములు అతని చేతుల మీదుగానే అమ్ముడుపోయాయి. ఈ ప్రోగ్రాముకు అతన్ని అతిథిగా పిలిచారు.

"ఏమ్ర మొగులయ్యా, మంచిగున్నవా?" అన్నాడు. "బిడ్డ పెద్దగైంది. తల్లి పోలికే."

"నీకు నా బిడ్డతోని ఏం పని పటేలా?"

"నాకేం పని? పోచమ్మకున్నది పని. నీ పెండ్లాం ఊరిడిసినంక తల్లి ముంగట గజ్జె కట్టినోళ్లే లేరు. ఏటా మూగ జాతరే అయితున్నది. ఊరంత పరేషాన్ల ఉన్నది."

"జోగినిని చేస్తె జైలు. నీకు ఎరుకనే."

"ఎరుకనే. అందుకే నేనేం చెయ్యలే," అన్నాడు గోపయ్య నిదానంగా. "గజ్జె కట్టింది ఎవరు? మేడం. ఎక్కడ కట్టింది? యూనివర్సిటీల. ఇది ప్రోగ్రాం. ప్రోగ్రాంకు కేసు అయితదా మేడం? జర మీరే చెప్పుండ్రి."

మాధవీలత ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "నాకు అర్థం కావడం లేదు. ఇది కళండీ. మరుగున పడిన కళను మేము..."

"బాపూ," అంది శిరీష. "జోగిని ఎవరు?"

అద్దం ముందు కూర్చున్న అమ్మాయి చేతిలో కాటుక పుల్ల అట్లాగే ఆగింది. మొగులయ్య కూతురి ముందు నేల మీద కూర్చున్నాడు. ఎనిమిదేళ్లు దాచిన మాట ఇంతమంది ముందర చెప్పాల్సి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

"మీ అమ్మ. తొమ్మిదేండ్ల పిల్లను తీస్కపోయి పోచమ్మకు ఇచ్చిండ్రు. మాదిగోళ్ల పిల్ల కాబట్టి ఇచ్చిండ్రు, పటేండ్ల పిల్లను ఇయ్యరు. ఊర్ల ఎవరు సచ్చినా పీనుగ ముంగట గివే కట్టుకొని ఆడేది. రాత్రి ఎవడొచ్చి తలుపు కొట్టినా తియ్యాలె. నేను తాళి కట్టిన. ఊరు మమ్ముల ఎళ్లగొట్టింది. నువ్వు చిన్నగున్నప్పుడు మీ అమ్మమ్మ సచ్చింది. తల్లి మొకం సూడాల్నంటె పాడె ముంగట ఆడుకుంట రావాలె అన్నరు. నన్ను పొలిమేర కాడ నిలబెట్టి ముగ్గురు పట్టుకున్నరు. అప్పటికే దానికి దగ్గుల నెత్తురు పడుతున్నది. ఇంటి కాడ్నుంచి వల్లకాడు దాక ఆడింది. నాకు కండ్లకు కానరాలే, చప్పుడు ఇనొచ్చింది. గీ పగిలిన గజ్జె చప్పుడే. నెల తిరగకముందే పోయింది."

"చెయ్యి పట్టి ఎవరు ఆడిచ్చిండ్రు?" అన్నాడు గోపయ్య. "కన్నతల్లి మీద పానం గుంజి తనే ఆడింది."

శిరీష అతని వైపు చూడలేదు. "అమ్మ ఇవే కట్టిందా?" అని మాత్రం తండ్రిని అడిగింది.

"ఇవే."

పిల్ల వంగింది. ముడి వెంటనే రాలేదు. మొగులయ్య సాయం చేయబోతే చెయ్యి పక్కకు నెట్టింది. రెండు పట్టీలూ తానే విప్పి, కుర్చీలో పెట్టింది.

"శిరీషా, ఆరు గంటలకు ప్రోగ్రాం," అంది మాధవీలత బలహీనంగా. "వీసీ గారు వస్తున్నారు. నీ పేరు కార్డు మీద వేశాం."

"ఆడుత మేడం. గజ్జెలు లేకుంట ఆడుత. గీ పసుపు గూడ కడుక్కుంట."

"అట్లయితే డప్పు లేదు," అన్నాడు గోపయ్య. "ఏమ్ర ముత్తయ్యా?"

ముత్తయ్య చేతిలోని డప్పును కింద పెట్టాడు.

ఆరున్నరకు శిరీష స్టేజీ ఎక్కింది. మామూలు లంగావోణీ, వట్టి కాళ్లు. డప్పులోళ్లు ఒక పక్కన నిలబడ్డారు, చేతులు కట్టుకుని. మైకులో ఆమె పేరు చదివారు. వరుసల వెనక తాహెర్ పక్కన మొగులయ్య నిలబడ్డాడు. నడుముకు గడ్డి కత్తిరించే కత్తెర అట్లాగే ఉంది. మొదటి వరుసలో తనకని వేసుకున్న కుర్చీలో గోపయ్య కూర్చుని ఉన్నాడు.

డప్పు లేకుండా ఆట మొదలైంది. సిమెంటు మీద పాదాలు పడిన చప్పుడు మాత్రం. ఆమె నేర్చుకున్న అడుగులే వేసింది. కానీ వారం రోజులు నవ్వుతూ వేసిన అడుగులను ఇప్పుడు తొక్కి చంపుతున్నట్టు వేసింది. మధ్యలో ఒక విమానం దిగుతూ స్టేజీ లైట్లను వణికించింది. ఆ మోతలో కూడా పిల్ల ఆగలేదు. మోత పోయాక మళ్లీ పాదాల చప్పుడు. కొంగుతో చెమట తుడుచుకుని, దండం పెట్టకుండా దిగిపోయింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డప్పు మోగించకపోవడం ఎంత గొప్ప ఆలోచనో అని వీసీ పక్కాయనతో అన్నాడు. అందరి చప్పట్లూ ఆగాక గోపయ్య ఒక్కడే మరికాసేపు కొట్టాడు.

జనం చెదిరిపోయాక గోపయ్య స్టేజీ వెనక్కి, మొగులయ్య దగ్గరికి వచ్చాడు. గజ్జెలు కుర్చీలో అట్లాగే ఉన్నాయి.

"మంచిగ ఆడింది," అన్నాడు. "ఇప్పేసింది గాని, ముందైతే కట్టింది గద. గదిల ఇంతమంది సూసిండ్రు. కట్టినంక ఇప్పినా కట్టినట్టే, మన తాన గదే లెక్క. మంగళారం డప్పు మీ గల్లీకి వస్తది. పిల్లను తయారు చేసి ఉంచు."

మొగులయ్య నడుము నుంచి కత్తెర తీశాడు. కుర్చీలోంచి ఒక పట్టీ తీసి రెండు ముక్కలు చేశాడు. రెండోదీ చేశాడు. తోలు ఎండి ఉంది. ఎండుకొమ్మలా పటుక్కున తెగింది. గజ్జెలు రాలి సిమెంటు మీద నలుదిక్కులా దొర్లాయి.

"పోచమ్మ సొమ్ము ముట్టినవ్‌రా!" గోపయ్య గొంతు మొదటిసారి లేచింది. "ముత్తయ్యా, ఏరు!"

ఒక గజ్జె దొర్లుకుంటూ వచ్చి ముత్తయ్య కాలికి తగిలి ఆగింది. ముత్తయ్య దాన్ని చూశాడు. వంగలేదు.

"ఏరురా అంటున్న!"

ముత్తయ్య డప్పు భుజాన వేసుకుని చీకట్లోకి నడిచి పోయాడు. మిగిలిన ముగ్గురూ గోపయ్యను, గజ్జెలను చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి ఒకడు వంగాడు. తర్వాత మిగతా ఇద్దరు.

సోమవారం మాధవీలత మేడం రేకుల గదికి వచ్చింది. వెంట ఇద్దరు స్టూడెంట్లు, చేతుల్లో కెమెరా. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. శిరీష మంచినీళ్లు ఇచ్చి గోడ పక్కన నిలబడింది.

"నాకు తెలియదండీ. నిజంగా తెలియదు," అంది మేడం. "తెలియకే కట్టాను. మీ భార్య గురించి మొదటినుంచి చెప్పండి. రికార్డు చేస్తాం. వచ్చే సెమిస్టరులో దీని మీదే పెద్ద ప్రోగ్రాం చేస్తాం. లోకానికి తెలియాలి."

"రేపు డప్పు వస్తది మేడం."

"పోలీసులకు చెప్పండి."

"మీరు చెప్పుండ్రి. గజ్జెలు తెచ్చింది ఫలానాయన, కట్టింది నేను, గీ పని కోసం కట్టిచ్చిండు అని మీరు రాసియ్యుండ్రి. నా మాట ఎవడింటడు? మీ మాట ఇంటరు."

మాధవీలత గ్లాసు వైపు చూసింది. "రాస్తే యూనివర్సిటీ పేరు కూడా వస్తుంది కదండీ. వీసీ గారిని అడగాలి. ఆయన సెలవులో ఉన్నారు."

"ఎప్పుడొస్తడు?"

"బుధవారం."

శిరీష నవ్వింది. ఆ నవ్వుకు మేడం తల దించుకుంది. కెమెరా పట్టుకున్న కుర్రాడు ఎర్ర లైటు ఆర్పేశాడు.

మొగులయ్య వాకిట్లో కూర్చుని సానరాయి మీద కత్తెరను రుద్దసాగాడు. ఊరి దిక్కున పొగ లేచింది. ఎండుగడ్డి మంట. డప్పుకు పదును రావడానికి మంట మీద కాగబెడతారు. ఒకరోజు ముందే కాగబెడుతున్నారు.

శిరీష వచ్చి తండ్రి పక్కన గడపలో కూర్చుంది. వట్టి పాదాలు బయటికి చాపి, పొగ వైపు చూసింది. ఇంటికి కాపలా ఉన్నట్టు ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.

"ఒక్క మాట చెప్పండి మొగులయ్య గారూ," అంది మేడం వెనక నుంచి. "మీ భార్య ఎలాంటి మనిషి? అదైనా చెప్పండి."

మొగులయ్య కత్తెర అంచును బొటనవేలితో చూసుకున్నాడు.

"ఎవరికి చెప్పాల్నో గా బిడ్డకు చెప్పిన," అన్నాడు. "ఇగ పోండ్రి. సచ్చేదాక గా ముచ్చట నా నోట రాదు."