టైలరమ్మ పెదాలు

టైలరమ్మ నవ్విందంటే వీధి మలుపు దాకా వినిపించేది. గొప్పకి చెప్పడం లేదు. నిద్రపోయే పసిపిల్ల ఉలిక్కిపడుతుందని ఎదురింటావిడ మధ్యాహ్నాలు కిటికీ మూసుకునేది. అలాంటి మనిషి మూడు నెలలుగా నవ్వడమే మానేసింది. కోపం వచ్చీ కాదు, కష్టం వచ్చీ కాదు. పెదాలు పగిలి.

పగలడమంటే చలికాలంలో అందరికీ పగిలినట్టు కాదు. చలి పోయి ఎండలొచ్చినా తగ్గలేదు. కింది పెదవి మధ్యలో నిలువుగా ఒక చీలిక, నోటి మూలల్లో రెండు పుళ్ళు, చుట్టూ ఎర్రగా మంట. ఆవలిస్తే నొప్పి, ముద్ద పెడితే నొప్పి, నవ్వితే రక్తమే. నలభై తొమ్మిదేళ్ళొచ్చాక ఈ చంటిపిల్లల బాధ నాకేమిటని ఆవిడ అద్దం ముందు నిలబడి తిట్టుకునేది.

ఇక్కడ అసలు చిక్కేమిటంటే, ఆవిడ మొగుడు. వాచీలు బాగుచేస్తాడు. అదే వీధి చివర బీరువా అంత కొట్టు ఆయనది. రోజూ రాత్రి భోజనాల దగ్గర కొట్లో జరిగింది చెప్తాడు, ఆవిడ నవ్వుతుంది. ఇరవయ్యారేళ్ళుగా వాళ్ళ కాపురం దీనిమీదే నడుస్తోందంటే నమ్మండి. పోట్లాటలు వచ్చాయి, అలకలు వచ్చాయి, అన్నీ ఆ కంచాల ముందే కొట్టుకుపోయాయి. మొదటి చీలిక కూడా అక్కడే వచ్చింది. గోడ గడియారంలో బ్యాటరీ తిరగేసి పెట్టి తెచ్చిన ఒక పెద్దాయన, "రిటైరయ్యే రోజు దగ్గరపడింది బాబూ, రోజులు వెనక్కి తిరుగుతాయేమోనని చూశా" అన్నాట్ట. టైలరమ్మ పకపకా నవ్వింది. పెదవి టప్పున చిట్లింది.

ఇక సలహాలకేం కొదవ! అత్తగారు వెన్న రాయమంది. పక్కింటావిడ తేనె రాయమంది. అది తియ్యగా ఉంది కదా, నిమిషానికోసారి నాలుక అక్కడికే పోయేది. జుట్టు కత్తిరించే దుకాణం పిల్ల గులాబీరంగు డబ్బా ఇచ్చింది. పళ్ళ వాసన ఘుమఘుమలాడింది గానీ రాసుకున్న గంటకి నిప్పు పెట్టినట్టయింది. తల ప్రాణం తోకకొచ్చి చివరికి డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

"ఈ వయసులో ఒంట్లో జిడ్డు తగ్గుతుందమ్మా. పెదాలకైతే జిడ్డు మొదట్నుంచీ తక్కువే" అంది డాక్టరమ్మ. "నాలుకతో తడపొద్దు. ఆ తడి ఆరిపోతూ లోపలున్న తేమని కూడా పట్టుకుపోతుంది. రంగూ వాసనా కలపని పెట్రోలియం జెల్లీ పల్చగా రాస్తూ ఉండండి. నీళ్ళు బాగా తాగండి. రోజంతా నోటికి ఇంకేమైనా తగులుతుంటాయా?"

"తిండీ నీళ్ళూ. ఇంకేం తగుల్తాయండీ?" అంది టైలరమ్మ.

అబద్ధం కాదు, ఆవిడకి నిజంగానే తట్టలేదు. నోటిమూలన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా డజను గుండుసూదులు కరిచిపట్టుకుని, వాటి సందులోంచే మాట్లాడే మనిషికి అవి నోట్లో ఉన్నట్టే ఉండదు.

జెల్లీ రాసింది, నీళ్ళు తాగింది. తగ్గలేదు. దాంతో మొగుడు ఒక నిర్ణయానికొచ్చాడు. "నీ పెదాలు మానేదాకా ఈ ఇంట్లో జోకులు బంద్" అన్నాడు. ఆ రాత్రి మూతి బిగించుకుని కూర్చుని, "ఈ రోజు ఒక గోడ గడియారం వచ్చింది. బాగుచేశాను. వెళ్ళిపోయింది" అన్నాడు. ఆ మొహం చూసి టైలరమ్మకి నవ్వాగలేదు. మళ్ళీ రక్తం. పాపం, మర్నాటి నుంచి ఆయన అది కూడా చెప్పడం మానేశాడు. ఇల్లు బావురుమంటూ తయారైంది.

ఒకరోజు వాచీల కొట్టు ముందు పైపుల కోసం రోడ్డు తవ్వారు. దుమ్ము పడుతోందని ఆయన తన పనిముట్ల పళ్ళెం పట్టుకుని ఇంటికొచ్చి, పెళ్ళాం కుట్టుకునే ముందుగదిలో ఒక మూల కూర్చున్నాడు. ఆవిడ ఒక నల్లకోటుకి చేత్తో కాజాలు కుడుతోంది. దారం కొస పెదాల మధ్య పెట్టి తడిపింది, నులిమింది, సూది ఎత్తిపట్టి గురిచూసింది. తప్పింది. మళ్ళీ తడిపింది. మళ్ళీ తప్పింది. ఆయన కంటికున్న భూతద్దం తీసి లెక్కపెట్టాడు.

"ఏమోయ్, దారం రుచిగా ఉందా?"

"నవ్వించకండి. పని చూసుకోండి."

"నవ్వించట్లేదు. ఒక్క సూదికి తొమ్మిదిసార్లు నాకావు."

"దారం మంచిది కాదు. ఈ మధ్య అన్నీ పీచుపీచుగా వస్తున్నాయి."

"మరి సూది?"

"బెజ్జాలు కూడా చిన్నవి చేస్తున్నారు దొంగవెధవలు!"

ఆయన పళ్ళెం పక్కన పెట్టేశాడు. "బెజ్జం చిన్నదవలేదే పిచ్చిదానా. నీకు చత్వారం వచ్చింది. జబ్బు కళ్ళకి, శిక్ష పెదాలకి! పైగా ఆ గుండుసూదులొకటి."

"చత్వారం మీ అమ్మకి!"

"మా అమ్మకి ఎప్పుడో వచ్చింది. అద్దాలు పెట్టుకుని హాయిగా ఉంది."

"మీ గొడవలోకి నన్నెందుకు లాగుతావురా?" అని లోపలి గదిలోంచి ముసలావిడ అరిచింది.

అద్దాలు పెట్టుకోనంటే పెట్టుకోనని టైలరమ్మ మొండికేసింది. కళ్ళు మూసుకుని కాజా కుట్టగలనని ఇరవై ఎనిమిదేళ్ళుగా చెప్పుకున్న మనిషి. అద్దాలు పెట్టుకుంటే టైలరమ్మ పనైపోయిందనుకుంటారని భయం. ఆ భయం ఆవిడ ఎవరికీ చెప్పలేదు, తిట్లుగా మాత్రం బయటికొచ్చింది.

ఆయన వాదించలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ చేతికి ఒక పాత వాచీ బెల్టు కట్టాడు. వాచీ ఉండాల్సిన చోట స్పాంజిముక్క కుట్టి ఉంది. "గుండుసూదులు ఇందులో గుచ్చుకో, నోట్లో కాదు" అన్నాడు. మిషను పక్కన ఒక గుడ్డ పరిచి, దారం ఎక్కించిన సూదులు వరసగా గుచ్చాడు. ఇరవై నల్లదారంతో, ఇరవై తెల్లదారంతో. "నాకెలాగూ భూతద్దం ఉంది. రోజూ నేనెక్కించి పెడతా. నువ్వు జెల్లీ రాసుకుని మహారాణిలా కుట్టుకో."

రెండు వారాలకి నోటి మూలలు మానాయి. నాలుగో వారానికి మధ్య చీలిక కూడా పూడింది. టైలరమ్మ అద్దంలో పళ్ళన్నీ కనిపించేలా నవ్వి చూసుకుంది. ఏమీ కాలేదు! ఆ రాత్రి కంచాల ముందు మఠం వేసుకుని కూర్చుని, "ఏవండీ, కొట్లో ఏం జరిగింది ఇవాళ?" అంది.

"ఏం జరగలేదు."

"జోకులు చెప్పొచ్చు. బంద్ ఎత్తేశాను."

"ఊఁ" అన్నాడాయన, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని.

మర్నాడూ ఊఁ, ఆ మర్నాడూ ఊఁ. నాలుగు రోజులు చూసింది. అద్దాలు వద్దన్నానని కోపం కాబోలనుకుంది. అంతకంటే పాడు ఆలోచన కూడా వచ్చింది, ఈ నాలుగైదు నెలల్లో తన నవ్వు లేకుండా ఉండటం ఆయనకి అలవాటైపోయిందేమోనని. వంటింట్లో సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దింది. ఆయన నవ్వించకపోతే, మానిన ఈ పెదాల్ని ఏం చేసుకోను?

మర్నాడు మిషను మీద గుడ్డ కప్పి, ఎవరికీ చెప్పకుండా కళ్ళద్దాల దుకాణానికి పోయింది. అక్షరాల అట్ట చదివించారు. సాయంత్రానికి గోధుమరంగు ఫ్రేములో అద్దాలు చేతికొచ్చాయి. ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, పొడిదారం తీసి సూదికి పెట్టింది. ఒక్కసారికే దూరింది. బెజ్జం ఎంత పెద్దదో!

"ఏవండీ!" అని అరుస్తూ లోపలికి పోయింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని రేపటి సూదులు సిద్ధం చేస్తున్నాడు. తల తిప్పాడు. ఆయన మొహాన్ని దగ్గర్నుంచి అంత స్పష్టంగా చూసి ఎన్నాళ్ళయిందో. మీసం కింద, కింది పెదవి మధ్యలో, నిలువుగా ఒక చీలిక. నోటి మూలల్లో ఎర్రగా రెండు పుళ్ళు.

"ఇదేంటండీ?"

"ఏది?"

"మీ పెదాలు!"

దాచడానికి లేదు. ఆయన నోరు సగమే తెరిచి చెప్పాడు. "భూతద్దంలో బెజ్జం కనపడుతుంది గానీ, దారం తడపకపోతే నా చేతికి దూరదు కదే. నీకు తొమ్మిదిసార్లు, నాకు ఒక్కసారే కదా, ఏమవుతుందిలే అనుకున్నా. రోజుకి నలభై. ఆ తర్వాత ఎండిపోతున్నాయని ఊరికే కూడా తడపడం మొదలెట్టా."

"మరి చెప్పరేం?"

"చెప్తే సూదులు లాక్కుని మళ్ళీ నువ్వు నాకుతావు. జోకు చెప్దామా అంటే ముందు నాకే నవ్వొస్తుంది, రక్తం కారుతుంది. అందుకే నోరు మూసుకున్నా."

టైలరమ్మకి ముందు ఏడుపొచ్చింది. అది కళ్ళ దాకా రాకముందే నవ్వొచ్చింది. నాలుగైదు నెలల బాకీ నవ్వంతా ఒక్కసారే వచ్చింది. ఎదురింటి కిటికీ దభీమని మూసుకుంది. లోపలి గదిలోంచి "ఏమైందే అమ్మాయ్!" అని అత్తగారి కేక. పెదవి మాత్రం చెక్కు చెదరలేదు.

"అబ్బా! అబ్బా! నవ్వించకే!" అన్నాడాయన పెదవి పట్టుకుని.

ఆవిడ ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, జెల్లీ డబ్బా తెచ్చి పల్చగా రాసింది. "నాలుకతో తడపకండి. నీళ్ళు తాగండి. సూదులు ముట్టుకున్నారో, ఊరుకోను."

రాత్రి కంచాల ముందు ఆయన బుద్ధిగా తల వంచుకుని తింటున్నాడు. టైలరమ్మ కొత్త అద్దాలు సర్దుకుని, మూతి బిగించి, గొంతు సవరించుకుంది.

"ఈ రోజు ఒక సూది వచ్చింది" అంది. "దారం ఎక్కించాను. వెళ్ళిపోయింది."

వాచీల ఆయన రెండు చేతులతో పెదాలు గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగాడు.