ఎర్ర తాడు ముడి

సదానందానికి సముద్రమంటే ప్రాణం. విడ్డూరమేమిటంటే, జగిత్యాల దగ్గర పుట్టిన ఆ మనిషి సౌదీ వచ్చేదాకా సముద్రం మొహమే చూడలేదు. చూసిన మొదటిసారి అది నల్లగా ఉంది. కువైట్ యుద్ధం ముగిసిన ఏడాది, జుబైల్ అవతలి తీరమంతా చమురు తెట్టు కడితే, పారలు పట్టి ఎత్తిపోసిన వందలమందిలో అతనొకడు. ఆ జిడ్డు ఎన్ని సబ్బులరిగినా పోలేదని ఇప్పటికీ చెప్తాడు, కాస్త గొప్పగానే.

ఇప్పుడు కొన్నేళ్లుగా చలికాలమంతా అదే తీరంలో, పడవలు దింపే ర్యాంపు దగ్గర అతని పని. ఎక్కడెక్కడి నీళ్లలోనో తిరిగొచ్చిన పడవల అడుగున పరాయి ఆల్చిప్పలూ నాచూ అంటుకొస్తాయి. అవి ఇక్కడ దిగాయా, పిల్లాపాపలతో కాపురం పెట్టేసి ఉన్నవాటిని బతకనివ్వవు. అందుకని ప్రతి పడవనూ తడిమి చూడాలి. అనుమానముంటే వేడినీళ్లతో కడిగి, ఎర్ర తాడు కట్టి, వారంపాటు ఒడ్డున ఎండబెట్టాలి. వారం దాటాక ఆ ముడి ఎవరు విప్పినా తప్పులేదు. ఎండలు ముదిరితే పడవల రాక తగ్గుతుంది. కావలివాడు దావూద్ ఒక్కడే చూసుకుంటాడు. సదానందాన్ని కంపెనీ ఖమీస్ ముషైత్‌లో కట్టడం పనికి పంపేస్తుంది.

ఇన్నేళ్లలో పడవెక్కి నీళ్లమీదికి పోయింది మాత్రం లేదు. తాను శుభ్రం చేసిన తీరాన్ని సముద్రంలోంచి ఒక్కసారి చూడాలని అతని కోరిక. అది విన్న వీరభద్రరావు, అల్ ఖోబర్‌లో ఇంజనీరు, కాకినాడ మనిషి, "నేను పడవ కొంటే మొదట నిన్నే ఎక్కిస్తానయ్యా" అని మాటిచ్చాడు. కొన్నాడు కూడా, అటు ఎర్రసముద్రం ఒడ్డున జెడ్డాలో, సెకండ్ హ్యాండ్‌ది. సదానందం ఖమీస్ బస్సెక్కే ముందురోజు శుక్రవారం, భార్య కామేశ్వరితో, పులిహోర క్యారియర్‌తో, కారు వెనక ట్రైలర్ మీద పడవను లాక్కుంటూ వచ్చాడు.

కొత్త చొక్కా వేసుకుని ఎదురుచూస్తున్న సదానందం, అలవాటు కొద్దీ పడవ అడుగున చెయ్యి పెట్టాడు. మోటారు పక్కన గరుకుగా తగిలాయి, గుత్తులుగా ఆల్చిప్పలు. అతని ప్రాణం ఉసూరుమంది.

"సార్, గిది ఇయ్యాల దిగద్దు."

"తెలుసయ్యా, చాలావరకు గీకించాను. రేపు నువ్వెళ్లిపోతావ్. ఈ ఒక్కపూటకీ చూసీ చూడనట్టు ఊరుకో. నీ కోసమేగా!"

అదే కదా వచ్చిన చిక్కు! ఇంకెవరైనా అయితే నాలుగు దులిపి పంపేవాడు. ఇక్కడ తన కోరికే పులిహోర పట్టుకుని ఎదురుగా నిలబడింది. నీళ్లవైపు చూశాడు. అడుగున ఇసుక కనిపిస్తోంది. ఏడుపొచ్చినంత పనైంది.

"నల్లగైనప్పుడు పారతోని తోడినం సార్. గివి పట్టుకుంటే ఏ పారతోని తోడాలె?"

వీరభద్రరావు ముఖం చిన్నబోయింది. కామేశ్వరి మాత్రం చెంగు బిగించి, ట్రైలర్ మీదున్న పడవలోకి ఎక్కేసింది. "ఆ తాడేదో కట్టి నువ్వూ ఎక్కు సదానందం. పడవ కదలకపోతే పులిహోర చేదవుతుందా?"

సదానందం ఆల్చిప్పలన్నీ గీకి, వేడినీళ్లతో కడిగి, ఎర్ర తాడు ముడేసి ఎక్కాడు. ముగ్గురూ ఇసుకలో నిలిచిన పడవలోనే తిన్నారు. వీరభద్రరావు చక్రం తిప్పుతూ నోటితో మోటారు చప్పుడు చేశాడు. సదానందం కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వి, ఇది చాలనుకున్నాడు. చాలలేదని మర్నాడు బస్సులో తెలిసింది.

మళ్లీ చలి పడ్డాక తిరిగొచ్చాడు. షెడ్డులో ఆ పడవ మీద వేలెడు దుమ్ము. ఎర్ర తాడు అలాగే ఉంది. ఊళ్లో ఎద్దులను కట్టేసేటప్పుడు వేసే ముడి, తాను వేసిందే. సారు ఇండియా వెళ్లిపోయారేమోనని కంగారుపడి దావూద్‌ను అడిగాడు. లేదన్నాడు దావూద్. సారు వేసవిలో వచ్చి మిగతావాళ్ల పడవల్లో తిరిగి వెళ్లేవాడట, ఈ పడవ ముడి దావూద్ విప్పబోతే మాత్రం చెయ్యి పెట్టనివ్వలేదట.

శుక్రవారం వీరభద్రరావు వచ్చాడు. వెనక కామేశ్వరి, చేతిలో క్యారియర్.

"ఇంకా చూస్తావేవిటయ్యా? విప్పు."

సదానందం ముడి మీద చెయ్యి పెట్టాడు. మళ్లీ తీసేసి, ముందు పడవ అడుగున తడిమాడు.

"నున్నగున్నది సార్," అన్నాడు.