మైనం ముక్కకు కట్టిన దారం

ఇటిక్యాల దగ్గర సీడు పత్తి చేలల్లో క్రాసింగు రోజులవి. మధ్యాహ్నం ఆడమొగ్గ గిల్లి పుప్పొడి తీసేయాలి, తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. రుద్దినదాని కాడకు తెల్లదారం కట్టాలి, లేకుంటే ఏది అయిందో ఏది కాలేదో తెలియదు. కూలికొచ్చే సాయమ్మ కట్టిన దారం మాత్రం, లోపల గింజ పట్టేదైతే మరునాటికి ఎర్రబడుతుంది. ఇరవై ఏళ్లుగా అంతే. రైతు దశరథం పొద్దున్నే గట్టు మీద నిలబడి ఎర్రదారాలు చూసుకుని టీ తాగడానికి పోతాడు.

"నా దారం చూసి జర మెచ్చుకోరాదా పటేలా?" అనేది సాయమ్మ.

"ఏం మెచ్చుకోవాలె? నువ్వు ఒక సాలు దాటేలోపు నీ పక్క కూలి ఎంకమ్మ రెండు దాటుతది."

రెండేళ్ల కింద సాయమ్మ గర్భసంచికి క్యాన్సరని తీసేశారు. ఈ ఏడు దగ్గు పట్టుకుంది. నర్సింగు చదివే కూతురు శైలజ నాగర్‌కర్నూల్ హాస్టల్లో ఉంటుంది. రోజూ సాయంత్రం సాయమ్మ ఫోన్ చేస్తుంది. తిన్నవా, ఏం కూర, తలుపు గడియ పెట్టుకున్నవా? దగ్గు సంగతి మాత్రం చెప్పలేదు. ఒకరోజు ఫోన్లోనే దగ్గు తెర ఆగకపోయేసరికి శైలజకు తెలిసిపోయింది.

జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. హైదరాబాద్ దవాఖానలో పాత గర్భసంచి ముక్కను పరీక్షించి, హార్మోనును పట్టుకునే ప్రోటీన్ అందులో లేదన్నారు. అది ఉంటే గోళీలతో జబ్బును ఆపి చూడొచ్చు. లేకుంటే సెలైన్‌లో ఎక్కించే గట్టి మందులే. వాటిని సాయమ్మ గుండె తట్టుకోదని ముందే చెప్పారు.

హైదరాబాద్‌లోనే ఇంకో దవాఖానలో చూపిద్దామని శైలజ పాతచోటి నుంచి, పరీక్షకు తీసినవాటిని పోతపోసి దాచిన రెండు మైనం ముక్కలు అడిగి తెచ్చింది. ఒకదాంట్లో గర్భసంచి ముక్క, ఇంకోదాంట్లో ఊపిరితిత్తి నుంచి సూదితో తీసిన గింజంత ముక్క. ఆ సాయంత్రం సాయమ్మ రెండింటికీ తెల్లదారం చుట్టి ముడేసింది.

"గీటికి దారమేందమ్మా? నంబర్లు రాసున్నయి గదా!"

"నాకు నంబర్లు సదవొస్తయా? ఈ రెండు పోగులది సంచిది, ఒంటిపోగుది ఊపిరిది. కలగలిస్తే ఎట్ల బిడ్డా?"

తెల్లారి ఎర్రవల్లి చౌరస్తాలో బస్సెక్కారు. జడ్చర్ల దాటాక శైలజ కవరు తీసి చూసింది. రెండు పోగుల దారం తెల్లగానే ఉంది. ఒంటిపోగు ఎర్రగా ఉంది. తల్లికి చూపించింది.

చేలో పువ్వును చూసినట్టే చూసింది సాయమ్మ. "గిది పట్టింది. మూసెయ్, ఎండ తగుల్తది."

కొత్త దవాఖానలో డాక్టర్ గీత మేడం మైనం ముక్కలు వెలుతురుకు పెట్టి చూసింది.

"ఏ ఊరు?"

"ఇటిక్యాల."

"ఈ రెండింట్లో పరీక్ష దేనికి చేశారు?"

"తెల్లదారందానికి మేడం. రెండోది మరీ చిన్నదని, జబ్బు అదేనని తేల్చుకుని వదిలేసిన్రు," అంది శైలజ.

"జబ్బు పాకినచోట ప్రోటీన్ ఒక్కోసారి వేరుగా ఉంటుంది. ఎర్రదానికి చేద్దాం. కానీ ముక్క ఒక్కసారికే సరిపోతుంది. మళ్లీ సూది పెట్టాలంటే మీ అమ్మకు కష్టం."

శైలజ తల్లి వైపు చూసింది. సాయమ్మే అంది, "చెయ్యి బిడ్డా. దీని నర్సింగు ఆఖరు పరీక్షలు వచ్చే ఏడున్నయి. గప్పటిదాక నేనుంటే చాలు."

పది రోజులకు గీత మేడం శైలజను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు పడుతుందట. శైలజ చూసింది. కాపు మీదున్న చేను లెక్క, ప్రతి కణంలోనూ గోధుమరంగు గింజ.

"గోళీలు మొదలుపెడదాం. పూర్తిగా పోతుందని చెప్పను. ఆగొచ్చు," అంది మేడం.

మళ్లీ క్రాసింగు వచ్చేసరికి ఊపిరితిత్తుల్లో మచ్చలు సగానికి తగ్గాయి. సాయమ్మ చేలోకి పోయింది. ఆమె ఒక సాలు దాటేలోపు ఎంకమ్మ మూడు దాటుతోంది. దశరథం గట్టు మీద నిలబడి చూశాడు గానీ ఏమీ అనలేదు.

ఇప్పుడు సాయంత్రం ఫోన్ నాగర్‌కర్నూల్ నుంచి వస్తుంది.

"తిన్నవా? ఏం కూర? గోళీ ఏసుకున్నవా? తలుపు గడియ పెట్టుకున్నవా?"

"తిన్న. చిక్కుడుకాయ. ఏసుకున్న. పెట్టుకున్న. ఎన్నిసార్లడుగుతవే తల్లీ!" అంటుంది సాయమ్మ, ఇన్నేళ్లూ శైలజ విసుక్కున్నట్టే.