గాలికి తీసిన తలుపు

అదే ద్రావణం, అదే గాజుపలక, అదే తొట్టి, సరుకులో తేడా లేనప్పుడు ఫలితంలో తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది, వ్యాపారంలో పోయినదానికి ఒక చిరునామా ఉంటుంది, దారిలో పోయిందనో గోదాములో పోయిందనో, నా భార్య పోయాక మేం చేసే గాలి వడకట్టే పొరల్లో ఏం పోయిందో మాత్రం అంతు చిక్కడం లేదు, ఇప్పుడు చేసిన పొర కూడా పరీక్షబల్ల మీద ఓడిపోయింది, ఇటునుంచి మామూలు గాలి నొక్కితే అటు ఆక్సిజన్ ముందు దూరాలి, నైట్రోజన్ వెనకబడాలి, పొరకున్న విలువంతా ఆ ఎంపికలోనే, ఇదేమో నిద్రపోయిన కాపలావాడిలా రెండింటినీ వదిలేస్తోంది, ఊపిరి యంత్రాలు చేసే ఇంజనీరు పొద్దున వచ్చి, అన్నా, ఇది రోగుల ముక్కుకి పెట్టేది, వదిన చేసినట్టు వస్తే సరే, లేదంటే ఈ వారంతో నేను వేరే చోటు చూసుకుంటా, ఏమీ అనుకోకండి అన్నాడు, అనుకోవడానికేముంది, అతని చోట నేనుంటే ఇంకా ముందే అనేవాణ్ణి, కానీ ఆవిడ చేతిపని ఈ ఒక్కటే మిగిలింది, అదీ పోతే ఆవిడ రెండోసారి పోయినట్టే.

మరదలు మళ్లీ పలక మీద ద్రావణం పోసి బ్లేడుతో పలచగా లాగుతోంది, అక్క నేర్పినట్టే చేస్తున్నా బావా, వెంటనే నీళ్లలో ముంచితే పైచర్మానికి చిల్లులు పడతాయి, మరీ ఆరనిస్తే మందమైపోయి గాలే దూరదు, మధ్యలో ఎక్కడో ముంచాలి, ఆ మధ్య ఎక్కడో అడగలేదా మరి, అడిగాను, పైన తడి మెరుపు చచ్చేదాకా ఆగమంది, ఇక్కడ మెరుపు చావదు, నా ఓపికే చస్తోంది, నవ్వొచ్చింది నాకు, నవ్వి చాలా రోజులైందని నవ్వాక తెలిసింది, నువ్వు ఆ ముందుగది తలుపు వెయ్యి బావా, దుమ్ము పడుతుంది, వేయబోతుంటే ఘాటైన తీపివాసన ముక్కుకి తగిలింది, ఇది ముందుగదిలో నా బల్ల దగ్గరుండే వాసన కదా, ఆవిడ వచ్చి కూర్చున్నప్పుడల్లా వచ్చే వాసన, ఏమండీ టీ చల్లారిపోయింది, కళ్లద్దాలు నెత్తిమీదున్నాయి, బల్లంతా వెతక్కండి, అంటూ అంటూనే మాట మధ్యలో లేచిపోయేది, ఎక్కడికే అంటే పొర పిలుస్తోంది అనేది, ఆ వాసన ఆవిడ చీరదనుకున్నాను, కాదు, ఈ ద్రావణానిదే, తలుపు తీసి ఉండేది, వెనక కిటికీ గాలి పొర మీదుగా నా దాకా వచ్చేది.

తలుపు తీసే ఉంచుదామమ్మా, దుమ్మో బావా, తడిగుడ్డతో నేల తుడుద్దాం, ఆవిడ రోజూ తుడిచేది, మనం శుభ్రం పిచ్చి అనుకున్నాం, తుడిచాం, కొత్త పొర లాగింది, గాలి వచ్చింది, చూస్తుండగానే అంచుల నుంచి మెరుపు మసకబారింది, ముంచు ముంచు, ఆ పొర ఆరి బల్ల మీదికి ఎక్కాక ఆక్సిజన్ మీటరు ముల్లు లేచి, ఆవిడ పొరలు నిలిచే చోటే నిలిచింది, మరదలు కళ్లు తుడుచుకుంటూ, దొంగది అక్క, పని మధ్యలో నీతో కబుర్లకి పోతోందని ఎంత తిట్టుకున్నానో అంది.

నేనూ కబుర్లకనే అనుకున్నాను, ఇప్పుడు తూచి చూస్తే అది పొర ఆరే సమయం, గాలికి తలుపు తీసింది, ఖాళీగా ఉండలేక వచ్చింది, ఇన్నేళ్ల కాపురంలో నా వాటా పనికీ పనికీ మధ్య తరుగేనా, సరుకు కుదిరినందుకు సంతోషించాల్సినవాణ్ణి, ముందుగదికి వచ్చి మొదటిసారి నా బల్లకి అటువైపు ఆవిడ కుర్చీలో కూలబడ్డాను, ఇక్కణ్ణుంచి పలక కనిపించాలే అని చూస్తే కనిపించదు, మెడ బాగా వెనక్కి తిప్పితే తప్ప, ఎదురుగా కనిపించేది నా కుర్చీ ఒక్కటే, పొరకి కావలసింది తెరిచిన తలుపు, ఇప్పుడు మరదలు నిలబడినట్టు ఆవిడా పలక పక్కనే నిలబడొచ్చు, అది సులువు కూడా, ఆవిడ మాత్రం మాటిమాటికీ మెడ తిప్పుకుంటూ ఇక్కడే కూర్చుంది, తలుపు గాలి కోసం తీసింది, కుర్చీ నాకోసం వేసుకుంది.