ఉత్తరం మీది తారీఖు

చొక్కా ఇస్త్రీలో కాలరుదే కష్టం. గంజి ఎక్కువైతే ట్రెడ్‌వెల్ గారి మెడ ఒరుసుకుంటుంది, తక్కువైతే ఆయన భార్య, మా అమ్మగారి మనసు ఒరుసుకుంటుంది. పదకొండేళ్ళుగా ఆ తెల్లదొరల ఇంట్లో ఇద్దరికీ సరిపడేలా గంజి కలుపుతున్నాను.

మంగళవారం ఇస్త్రీ చేస్తుంటే అమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఒడెస్సా, మీ చిన్నోడికి పంతొమ్మిది నిండాయి కదూ?" అంది. ఊళ్ళో ఏ కుర్రాణ్ణి సైన్యానికి పిలవాలో తేల్చే బోర్డులో ఆవిడ మొగుడు మెంబరు. మా పెద్దోడు థర్మన్ అప్పటికే వియత్నాంలో ఉన్నాడు. "ఓటర్ల జాబితాలో నీ పేరు చూసి అయ్యగారు నొచ్చుకున్నారు. కొట్టేయించుకో. వెండెల్ సంగతి ఆయన చూసుకుంటారు. తల్లివి కదా, ఆలోచించు."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఎల్బర్ట్ చెంచా అయినా కింద పెట్టలేదు. "పోయేది పేరేగా? బిడ్డకంటే ఎక్కువా నీకు? తల్లివేనా అసలు?" అన్నాడు. రంపపు మిల్లులో పని పోతుందని తను మాత్రం పేరు రాయించుకోలేదు. తండ్రివి కాదా అని అతన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఇంకో మొక్కజొన్న రొట్టె వేశాను. సిగ్గుచేటు. మా నల్లవాళ్ళ చర్చిలో బుధవారం బుధవారం పద్నాలుగుమంది ఆడవాళ్ళకి ఓటు ఫారం నింపడం నేర్పేది నేను. "ముందు నువ్వు నడు ఒడెస్సా, నీ వెనకే మేము" అన్న మనుషులు. వాళ్ళకి మొహం ఎలా చూపించను? పాస్టరు గారితో చెప్పుకుందామంటే ఆయన మొదటి నుంచీ ఒకటే పాట: "యుద్ధం మాట ఎత్తకు సిస్టర్. దేశద్రోహులంటారు. మనకి ఓటు మాట చాలు." నా ఇంట్లో ఆ రెండూ ఒకే కంచంలో తింటున్నాయని ఆయనకెలా చెప్పేది? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గురువారం ఓటర్ల జాబితా ఉండే కోర్టుకి పోయాను. పేరు రాయించుకోడానికి వస్తే మూడుసార్లు తిప్పి వరండాలో నిలబెట్టిన గుమాస్తా, కొట్టేయమంటే కుర్చీ వేశాడు. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు. సంతకం పెట్టాను. బుధవారం నేర్పే గుండ్రటి అక్షరాలే, అదే నాకిప్పటికీ మంట. ఆ సాయంత్రం ఎల్బర్ట్ ఐస్‌క్రీం తెచ్చాడు. తిన్నాను కూడా.

శనివారం వెండెల్ పేర ఉత్తరం వచ్చింది. సైన్యంలో చేరడానికి సెప్టెంబరు ఆరున మాంట్గోమరీలో హాజరు కావాలట. "పోనీలే అమ్మా, అన్నయ్యని చూడొచ్చు" అని నవ్వబోయాడు వాడు. ఉత్తరం లాక్కుని తారీఖు చూశాను. సోమవారం. నేను కోర్టుకి పోవడానికి మూడు రోజుల ముందు. అమ్మగారు నా మీద జాలి పడడానికి ఒక రోజు ముందు. అడుగున ట్రెడ్‌వెల్ సంతకం.

"దేవుడి నిర్ణయం" అన్నాడు ఎల్బర్ట్.

"సంతకం దేవుడిది కాదు."

"గొడవ చెయ్యకే. పెద్దోడింకా అక్కడే ఉన్నాడు."

ఈ మాటకి అంతు లేదని అప్పుడు తెలిసింది నాకు. పెద్దోడు వచ్చేదాకా, చిన్నోడు వచ్చేదాకా, ఇతని మిల్లు పని ఉన్నంతదాకా, నేను చచ్చేదాకా నోరు మూసుకోవాలి.

ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడ్డాను. పాస్టరు గారు కళ్ళతోనే కూర్చోమన్నారు. ఎల్బర్ట్ గౌను పట్టుకు లాగాడు. ఆ పద్నాలుగుమంది కూర్చున్న బెంచీల వైపు తిరిగాను.

"మొన్న గురువారం నా పేరు కొట్టేయించుకున్నాను" అన్నాను. "బిడ్డని వదిలేస్తామంటే నమ్మాను. వాణ్ణి అంతకుముందే యుద్ధానికి రాసేసుకున్నారు. రేపు కోర్టుకి పోయి మళ్ళీ పేరు రాయించుకుంటాను. వచ్చేవాళ్ళు రండి. రానివాళ్ళు మాత్రం, భయపడి ఏ బిడ్డని కాపాడుకున్నారో లేచి నాకు చెప్పండి."