చిలకమ్మ తోట కాఫీ

గవిరాజు కాఫీ కొట్టు రోజుకో మూర సాగుతోందని ఎదురింటి పైడమ్మ బోరింగు దగ్గర అందట. "ఏటి కలుపుతున్నాడో గానీ, అంబలిలో నీళ్లు పోసినట్టు సాగిపోతంది," అని కూడా అందట. ఆ మాట గవిరాజు చెవిన పడుతుంది. కాదనడు. టేపు పెట్టి కొలిచి చూసుకుంటాడు. పైడమ్మ తగ్గించే చెప్పింది.

సాగడం ఎప్పుడు మొదలైందో అతడికి తెలుసు. కొట్టు తెరిచిన మొదటి వారం రోజులూ కొండ మీద వంతల చిలకమ్మ దగ్గర కొన్న గింజనే వేయించి, పొడి కొట్టి, ఏమీ కలపకుండా డికాషన్ దించాడు. తాగినవాళ్లు మొహం చిట్లించారు. "రంగేదీ? చిక్కదనమేదీ? పోనీ, టీ ఉంటే పొయ్యవోయ్." ఎనిమిదో రోజు పొడిలో గరిటెడు చికోరీ వేరు పొడి కలిపాడు. వెనకగోడ మూరెడు జరిగింది. "ఇదీ కాఫీ అంటే!" అన్నారందరూ.

బయట బోర్డు మీద మాత్రం 'వంతల చిలకమ్మ తోట కాఫీ, ఏమీ కలపనిది' అనే ఉంది. అది కంటపడకుండా గవిరాజు ఇప్పుడు పెరటి గుమ్మంలోంచి వస్తున్నాడు.

చివరి బల్లకు కాఫీ ఇవ్వాలంటే చద్దిమూట కట్టుకుని బయల్దేరాలి. పెళ్లిచూపులకని వచ్చి కూర్చున్న జంటకు కప్పులు అందేసరికి, వాళ్ల పాపకు పుట్టువెంట్రుకలు తీయించడం కూడా అయిపోయింది. వాళ్లేమీ అనుకోలేదు. పంచదార తగ్గిందన్నారంతే.

మంగళవారం పొద్దున్నే చిలకమ్మే వస్తుంది. గుమ్మం నుంచి పొయ్యి దాకా రావడానికి ఆమె రెండుచోట్ల ఆగి అలుపు తీర్చుకుంటుంది.

"దీనికంటే మా కొండే దగ్గిర బాబూ," అంటుంది కూలబడుతూ. "పాతికేళ్లుగా కోస్తన్నాను, ఎండబెడతన్నాను. ఒక్క గుక్క తాగినదాన్ని కాను. నా గింజ ఎలాగుంటాదో, ఓ కప్పు పొయ్యి."

గవిరాజు డబ్బాలన్నీ తెరుస్తాడు. కలపని పొడి చిటికెడు లేదు. ఉన్న బస్తాలన్నీ ఒక్కసారే పట్టించి, కలిపి పెట్టుకున్నాడు. సిగ్గుతో అతడి చెవుల్లోంచి ఆవిరి వస్తుంది. ఆ ఆవిరికే గిన్నెలో పాలు పొంగుతాయి.

"పాలు తరవాత. ముందు చన్నీళ్లు తే," అంటుంది చిలకమ్మ. డబ్బాలోంచి పొడి తీసి గ్లాసులో నీళ్ల మీద చల్లుతుంది. కాఫీ పొడి పైనే తేలుతుంది. చికోరీ ఎర్రటి తోకలు విడుస్తూ అడుగుకు దిగుతుంది.

దాంతోపాటే నేల కూడా నీరవుతుంది. బల్లలు, కుర్చీలు, కప్పులెత్తిన జనం నెమ్మదిగా మునుగుతారు, తాగుతూనే, ఎర్రటి తోకలు విడుస్తూనే. గవిరాజు గడ్డం దాకా మునిగి ఉన్నాడు. చిలకమ్మ ఒక్కతే నీళ్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఆమె కోక అంచైనా తడవలేదు.

"ఊరికి ఇదే అలవాటమ్మా," అంటాడు గవిరాజు మూతి పైకెత్తి. "కలపకపోతే ఒక్కడూ తాగడు. కొట్టు మూసుకోవాల."

"ఊరికి సరే," అంటుంది చిలకమ్మ, ఖాళీ కప్పు అతడి ముక్కు దాకా తోస్తూ. "నాకేటి పోస్తావు?"